పక్క కిటికీ

లాంగ్లండ్ తీరంలో పొద్దున్నే ఈదేవాళ్ళకి ఓ జట్టుంది.
సముద్రం ఎన్ని డిగ్రీలో, పోటు ఎప్పుడో,
జెల్లీచేపలు వచ్చాయో లేదో
రోజూ ఆరింటికి రాసిపెడతారు.
నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే.

రాసేది మాత్రం ఆ సైటులో.
రెండు వాక్యాలు చదివానో లేదో
తెర మీద తెల్లటి అడ్డుగోడ:
నువ్వెవరు? పుట్టినరోజు? ఫోన్ నెంబరు?
నీ ఫోన్లో ఉన్నవాళ్ళందరి పేర్లూ
ఓసారి చూసుకోనిస్తావా?

పదకొండు డిగ్రీలు అని చెప్పడానికి
ఇన్ని పెళ్ళిచూపులా?

ఒకప్పుడు అన్నీ చెప్పినదాన్నే.
ఓ రాత్రి మోకాలు సలుపుతుంటే
ఎవరో ఫిజియో పెట్టిన వీడియో చివరిదాకా చూశాను.
అంతే.
తెల్లారేసరికి మోకాలి తొడుగులు, నూనెలు,
మెట్ల పక్కన జారే కుర్చీ,
నెలాఖరుకి అంత్యక్రియల బీమా.
నాకు నలభై ఆరేళ్ళు.
గోడలకు చెవులుంటాయన్న మా అమ్మమ్మకి
ఆ చెవులకి ఇంత జ్ఞాపకశక్తి ఉంటుందని తెలీదు.

ఖాతా మూసేశాను.
మూసేటప్పుడూ అడిగింది, ఎందుకెళ్తున్నావని,
ఆరు కారణాలు చూపించి.
'ఇతరములు' నొక్కాను.

పక్కింటి గారెత్ స్వాన్సీ అంతటా
టెలిఫోను స్తంభాలెక్కినవాడు.
చెత్తడబ్బా లాగుతూ నా గోడు విని
ఫోను తీసుకుని
చిరునామాలో నాలుగక్షరాలు మార్చాడు.
అదే పేజీ,
గుండు చేయించుకుని వచ్చినట్టుంది.
ప్రకటనల్లేవు, ఎర్ర గంట లేదు,
దానంతటది మొదలయ్యే పాట లేదు.
"దొడ్డిదారా?" అని అడగబోయి
ఆ మాటకి ఇంగ్లీషు వెతుక్కుంటుంటే
తనే అన్నాడు: "పక్క కిటికీ.
ఎక్కడో ఎవరో సొంత ఖర్చుతో కంప్యూటరు పెట్టి
నీ బదులు వెళ్ళి చూసొస్తారు.
సైటుకి కనబడేది వాళ్ళ మొహం."

"మరి వాళ్ళు నన్ను చూడరా?"
"చూడగలరు. చూడమన్నారు.
ఎవర్నో ఒకర్ని నమ్మాలి కదా."

కొన్నాళ్ళు ఆ కిటికీ తెరుచుకోదు.
సైటువాళ్ళు కనిపెట్టి మేకులు కొడతారు.
గారెత్ కరెంటు బిల్లు వెనక
ఇంకో మూడు చిరునామాలు రాసిచ్చాడు.
ఒకటి చచ్చిపోయింది, ఒకటి నత్త,
మూడోది ఐస్‌లాండ్‌లో ఉందట.
కొండ దిగితే కాళ్ళు తడిపే సముద్రం
ఎంత చల్లగా ఉందో
ఐస్‌లాండ్ మీదుగా తెలుసుకునేదాన్ని.

మే నెలలో ఓ గురువారం, పదమూడు అని చదివి
పసుపు టోపీ పెట్టుకుని దిగాను.
ఎవరితోనూ మాట్లాడలేదు.
మెడ దాకా వెళ్ళి, కెవ్వుమని అరిచి,
ఒక్క పరుగున ఇంటికొచ్చేశాను.

మర్నాడు కిటికీలో:
'నిన్న పసుపు టోపీ ఆవిడెవరు? తువ్వాలు మర్చిపోయింది.
గొప్పగా అరిచింది. మళ్ళీ వస్తే బాగుణ్ణు.'
రియానన్ అట.
కింద పద్నాలుగు మంది.
నర్సనుకుంటా అని ఒకరు, టూరిస్టని ఒకరు,
తువ్వాలు మీద పువ్వులు బాగున్నాయని ఇంకెవరో.

మూడుసార్లు చదివాను.
నేనే, నేనే అని చెప్పడానికి వేలు తెర మీదికి వెళ్ళింది.
పక్క కిటికీకి జవాబు రాసే చోటు ఉండదు.
కనబడకూడదనుకున్నది నేనే.
ఎవరికి, అన్నది మాత్రం
సరిగ్గా ఆలోచించుకోలేదు.

అసలు గుమ్మం దాకా వెళ్ళాను.
పుట్టినరోజు? అంది.
వెనక్కొచ్చేశాను.

శనివారం వానలో మెట్లు దిగుతుంటే
బూడిదరంగు జడ ఒకావిడ
ఫ్లాస్కు మూత తిప్పుతోంది.
"ఆ తువ్వాలు నాది" అన్నాను.
ఆవిడేమీ అడగలేదు,
టీ పోసేదాకా పేరు కూడా.
"హేమనళిని" అన్నాను.
రెండోసారి, నెమ్మదిగా.
తువ్వాలు ఆవిడ కారులో ఉంది,
ఉతికి, మడతపెట్టి.

ఆ రోజు ఫోను ఇంట్లోనే వదిలేశాను.
నీళ్ళు పన్నెండుకి పడిపోయాయని
మోకాలు చెప్పింది.