గట్టు

చీమకుర్తి, రాత్రి పదకొండు.
కాటా దగ్గర తొమ్మిది లారీలు,
ఒక్కోదాని మీద ఒక్కో నల్లరాయి
చుక్కలన్నీ లోపల దాచుకుని.

తూకాలు రాసే మిషన్‌కి ఒళ్ళంటూ లేదు.
ఒంగోలు ఆఫీసులో పెద్ద కంప్యూటర్ కనే కల అది.
మధ్యాహ్నం దానికి కొత్త సిస్టమ్ ఎక్కించాను.
అప్పట్నుంచీ డిస్కు నిండిందని ఒకటే గోల.

ఎనభై జీబీ ఇచ్చాను కదే అంటే
ఇరవయ్యే నాదంటుంది.
మిగతా అరవై అవతల బీడుపడి ఉంది,
మధ్యలో రెండు జీబీల స్వాప్
అడ్డంగా పడుకుని.

వాచ్‌మన్ ఖాజావలి టీ పెట్టి తెరలోకి వంగాడు.
ఆకుపచ్చ గడి, సన్నటి ఎర్ర గడి, బూడిదరంగు ఖాళీ.
"ఇదేందక్కా, మా పొలం మాదిరుందే!
గట్టు తీసి ఆ చివర పోసుకోరాదా?"

ముందు కాపీ తీశాను.
తెరిచి చూసుకునేదాకా దాన్నీ నమ్మలేదు.
గట్టు చెరిపాను. చేను సాగింది.
చివర కొత్త గట్టు వేసి రీస్టార్ట్ నొక్కాను.

నల్లతెర.
తొంభై సెకన్లు కదలదు.
పాత స్వాప్ కోసం చూస్తోందట.
చెరిపేసిన నంబరు
ఇంకా దాని చీటీలో ఉంది.

ఒక్క లైను మార్చాను.
లేచింది.

"మరి మీ పొలంలో గట్టు తీశారా?"
ఖాజావలి గ్లాసు బోర్లించి విదిలించాడు.
"దానికవతల మా అన్నుండాడక్కా."

బయట మొదటి లారీ
గేరు మార్చి కాటా ఎక్కుతోంది.