చేతికట్టు

ముందు బొటనవేలికి ఉచ్చు,
మణికట్టుకి మూడు చుట్లు,
పిడికిలి కణుపుల మీద ఇంకో మూడు.
ఇరవై రెండేళ్లు నెల్లిమర్ల మిల్లులో
గోనెసంచుల మూతులు కుట్టిన చేతులు నావి.
బంగారయ్యకి కట్లు కట్టడం వాటికి కొత్తేం కాలేదు.

లాకౌటు పడ్డ ఏడాది,
సైరను మోగని పొద్దుటిపూట,
గోదాము వెనక ఇనప దూలానికి
జనపపొట్టూ చంపావతి ఇసకా కూరిన సంచి వేలాడదీశాం.
పదమూడేళ్ల గుంటడు.
మొదటి దెబ్బకి సంచి కదల్లేదు, వాడే ఊగాడు.

అప్పట్లో ఆట మూడే రౌండ్లు.
తలకి టోపీ, ఒంటికి బనీను,
ఓడినా గెలిచినా ఒక అరటిపండు, ఒక కాగితం.
కాకినాడలో వెండి. గుంటూరులో మళ్లీ వెండి.
పేరులో తప్ప బంగారం లేదేటిరా అని
టీకొట్టు అప్పలస్వామి నవ్వేవాడు.
కాగితాలు వాళ్లమ్మ బియ్యం డబ్బా అడుగున దాచింది.
తేమకి సంతకాలు అలుక్కుపోయాయి.

డబ్బులాట పిలుపు ఫోన్లో వచ్చింది.
"టోపీ ఉండదంట మామా. బనీనూ ఉండదంట."
"మరేటుంటాది?"
"డబ్బులుంటాయి."

సమతా ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో
ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు.
బరువు తూగాలని గుటకెడు నీళ్లు కూడా తాగలేదు.
పెళ్లిళ్ల హాల్లో, దీపాల కింద,
మైకువాడు పతివాడ అన్న ఇంటిపేరుని
నాలుగు ముక్కలు చేశాడు.

గెలవాల్సినవాడు ఎప్పుడూ ఆ ఊరివాడే.
టిక్కెట్లు వాడి చుట్టాలవి.
మనవాడు ఆరు రౌండ్లూ నిలబడాలి, అదీ ఉద్యోగం.
పడిపోతే మళ్లీ పిలవరు.
గెలిచినా ఓ పట్టాన పిలవరు.
ఈ లెక్క నాకెవరూ చెప్పలేదు.
నాలుగో ఓటమి నాడు
వాడి కనుబొమకి వాజలీను రాస్తుంటే
నా వేలికి తెలిసింది.

ఇప్పుడు వాళ్లింట్లో ఫ్రిజ్ పేరు రోహ్‌తక్.
పైకప్పు రేకులు భివానీ.
వానొస్తే వాళ్లమ్మ అంటుంది,
"భివానీ కారతంది, గిన్నె ఎట్టరా."

జబల్‌పూర్‌లో మాత్రం
రెండో రౌండులో ఎదుటివాడు కూలబడ్డాడు.
హాలంతా పెళ్లి ఆగిపోయినట్టు.
మాట్లాడుకున్న డబ్బులో సగమే చేతిలో పెట్టారు, కారు పంపలేదు.
స్టేషను దాకా నడిచాం.
దారంతా వాడు నవ్వుతూనే ఉన్నాడు,
కట్లు విప్పనివ్వలేదు.

పార్వతీపురం దాటాక, తెల్లారుతుంటే,
చేతులు చాచాడు.
"ఇప్పీ మామా."
అయిదు గజాల గుడ్డ, చెమట ఆరి అట్టకట్టింది.
మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మళ్లీ ఫోను మోగడానికి ఏడు నెలలు పట్టింది.
అప్పటిదాకా ఉతకలేదు.