మంగళవారం దగ్గర ఆగిన ఫ్రాంక్లిన్

రాత్రి రెండుంబావు. హోబార్ట్ రేవు మీద జూలై చలి.
వంటగది బల్ల మీద లాప్‌టాప్,
కాళ్ల దగ్గర గుర్రుపెడుతూ చిన్న హీటరు.
ఫోన్‌లో మెరిన్:
"కెరటాల లెక్క మూడోసారి పడిపోయింది.
తెల్లారేలోగా చేపల పడవలకి సూచన పంపాలి."

నల్లటి తెర. రెప్ప కొట్టే ఒక్క గీత.

ఈ పనిముట్టుకి చేతుల్లేవు, నోరొక్కటే.
దేన్నీ బాగుచెయ్యదు.
ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టి అడిగొస్తుంది:
ఉన్నావా?
మీలో పెద్ద ఎవరు?
నువ్వు రాసుకున్న ఆఖరి మాట ఎన్నోది?

యంత్రాలు ఐదు. ఎవరో నదుల పేర్లు పెట్టారు.
హ్యూయన్ ఉన్నానంది. డెర్వెంట్ ఉన్నానంది.
టేమర్, తనే పెద్దనని కూడా చెప్పింది.
గోర్డన్ కాస్త ఆలస్యంగా,
నిద్రలోంచి పలికినట్టు.
ఫ్రాంక్లిన్ మాత్రం అందరికన్నా ముందే పలికింది.
ఐదు పచ్చ చుక్కలు, వరసగా.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి
అసలు సంగతి రాయని ఉత్తరంలా ఉంది.
అంతా క్షేమమైతే
నన్నెందుకు లేపినట్టు?

అదే ప్రశ్నని ఈసారి విడమరిచి అడగమన్నాను.
రెండు అడ్డగీతలు, ఒక మాట, ఎంటర్.
పట్టిక దిగింది.
నాలుగు ఖాతాల్లో అంకె ఒక్కటే,
తొమ్మిది లక్షల నలభై వేల పన్నెండు.
ఫ్రాంక్లిన్ ఖాతాలో
తొమ్మిది వేలు తక్కువ.

డిస్కు నిండిపోయి
మంగళవారం మధ్యాహ్నమే కలం కింద పెట్టేసింది.
చెప్పుకోలేదు. అడిగినవాళ్లకి మాత్రం
ఠక్కున జవాబిస్తూనే ఉంది.
అబద్ధమాడలేదు పాపం,
మంగళవారానికి అది నిజమే.
ఇవాళ శుక్రవారం.

నోరు మెదపని యంత్రంతో నాకు పేచీ లేదు,
లేదని తెలిసిపోతుంది.
పాత నిజాన్ని ఇంత ధీమాగా చెప్పేదానితోనే చిక్కు.

అయినా ఐదింట మూడు తలలూగితే గాని
మాట చెల్లదు కదా, ఇక్కడి కట్టుబాటు అదే కదా,
కెరటాల లెక్క ఒక్క ఫ్రాంక్లిన్ మాట పట్టుకుని
ఎత్తేసిన సర్వర్ చిరునామాకి
ఎందుకు పరుగెత్తినట్టు?

తవ్వాను. టీ చల్లారింది,
మీద మీగడ కట్టింది.
సెట్టింగుల అడుగున, ఎవరూ చూడని మూల
ఒక పంక్తి:
దగ్గరున్నవాణ్ణి అడిగితే చాలు,
మిగతావాళ్లతో సరిచూడక్కర్లేదు.
పక్కనే చిన్న గమనిక:
వేగం కోసం. తాత్కాలికం. వచ్చే వారం తీసెయ్యాలి.
తేదీకి మూడేళ్లు.
రాసినవారు: వకుళ.

వకుళంటే నేనే.

ఆ రాత్రి నాకు బొత్తిగా గుర్తులేదు.
ఎవరు తొందరపెట్టారో, ఎంత నిద్రలో ఉన్నానో.
ఆ "వచ్చే వారం" ఎటు పోయిందో.

ముందు ఆ పంక్తి కొట్టేశాను.
తర్వాత ఫ్రాంక్లిన్‌ని గుంపులోంచి తప్పించి
దాని జ్ఞాపకం తుడిచెయ్యమని రాసి,
ఎంటర్ మీద వేలు ఆపాను.
పేరు చదివాను. మళ్లీ చదివాను.
ఈ వేళప్పుడు
ఒక నది బదులు ఇంకో నదిని ఎండగట్టడం
ఎంతసేపు?

తిరిగి చేర్చుకుంటే,
కొత్తగా బళ్లో వేసిన పిల్లలా
టేమర్ చెప్పిందంతా మొదటినుంచీ దిద్దుకుంది.
నాలుగున్నరకి మళ్లీ తలుపులు తట్టించాను.
ఐదు ఖాతాల్లోనూ ఒకే అంకె,
నేను చదివేలోపే ఒకటి పెరిగింది.

"రిపోర్టులో కారణం ఏం రాయను?" అంది మెరిన్.
"నా పేరు రాయి. స్పెల్లింగు చెప్పనా?"
"అక్కర్లేదు," అంది,
"ఆ పంక్తి నేను పోయిన నెలే చూశాను.
మీరు రాశారు కదా,
ఏదో కారణం ఉంటుందనుకున్నా."