తిరగలి ఆగే రోజులు

మోసుల్‌లో, నది వైపు దిగే సందులో
మా మామ ఇలియా షాబో అచ్చాఫీసు.
నాకప్పుడు పద్నాలుగేళ్లు.
సీసం అక్షరాలు పేర్చడం పని.
తిన్నగా చదవడం కంటే ముందే
తిరగేసి చదవడం వచ్చేసింది నాకు.

చలికాలం వస్తే గోడ క్యాలెండర్లు.
చర్చికి, మసీదుకి, యూదుల వీధికి
ఎవరి ఉపవాసాలు వాళ్లకే, ఎవరి చంద్రుడు వాళ్లకే.
వేసవి నడిమి నెలకు మాత్రం
అందరి నోటా ఒకటే పేరు: తమ్మూజు.
యూదులది కాస్త అటూ ఇటూ జరిగేది,
ఒకే మంచం మీద పక్కకి ఒత్తిగిల్లినట్టు.

నాలుగక్షరాలు. చివరి దాని మీది చుక్క
మా నాన్న కాలానికే అరిగిపోయింది.
ప్రతి కాగితం మీదా సూది సిరాలో ముంచి
ఆ చుక్క నేనే పెట్టేవాణ్ణి.

ఆ ఏడు బేరూతులో చదివొచ్చిన సర్గీస్ పంతులు
చెప్పులు గుమ్మంలో విడవకుండానే అన్నాడు:
"అది విగ్రహం పేరు, ఇలియా.
అడవిపంది పొడిచి చంపిన ఒక గొర్రెల కాపరి పేరు.
గుడి గుమ్మంలో కూర్చుని వాడి కోసం ఏడ్చే ఆడవాళ్లని
ప్రవక్త చూసి రోత పడ్డాడు.
ఆ పేరు గోడకి కొట్టి, దాని కింద మోకరిల్లుతారా?
ఏడో నెల అని వెయ్యి, చాలు."

మామ కళ్లద్దాలు నుదుటికి ఎత్తాడు.
"మన భాషలో దాని ముందు నెల పేరే పంది కదయ్యా!
చంపిన పందిని ఉంచి
చచ్చినవాణ్ణి తీసేయమంటావా?"

పంతులు నవ్వలేదు.
రెండొందల కాపీలకి రొక్కం బల్ల మీద పెట్టాడు.
సిరా కొట్టులో మా బాకీ గొంతుదాకా ఉంది.
నాలుగక్షరాలూ వాటి గదుల్లోకి వెళ్లిపోయాయి.
సూదికి ఆ ఏడు పని లేదు.

ఎండాకాలం ఎప్పట్లాగే వచ్చింది.
కూజాలో నీళ్లు పొయ్యి లేకుండానే కాగాయి.
మేడల మీద పడుకున్న ఊరు
తడిగుడ్డలు కప్పుకుని తెల్లవార్లూ దొర్లింది.

ఒక పొద్దున హమ్మూ వచ్చాడు,
నదిలో పడవ మీద తిరగలి ఆడించేవాడు.
కనుబొమల దాకా పిండి.
"తమ్మూజు ఎక్కడ పెట్టావు, ఇలియా?
నా రాళ్లకి గంట్లు కొట్టించాలి.
ఆ నెల మధ్యలో కొన్నాళ్లు
పై ఊళ్ల నుంచి ఒక్క గోధుమ గింజ రాదు.
అప్పుడే రాళ్లు విప్పుతాను."
"ఎందుకు రాదు?"
"నాకేం తెలుసు? మా తాత కాలంలోనూ రాలేదు.
ముసలమ్మలు పంపరు, అంతే."

ఇంటికెళ్తే, పొయ్యి మీద రేకు చల్లగా ఉంది.
నానమ్మ ష్మూని, ఒళ్లో గిన్నె,
నానబెట్టిన గోధుమలు, ఎండుద్రాక్ష,
నాలుగు ఖర్జూరాలు.
పళ్లు లేని నోట్లో ఒక్కో గింజా
దవడ నుంచి దవడకి ప్రయాణం చేస్తోంది.
ఏటా చూసేవాణ్ణే.
వేడికి రొట్టె కాల్చలేక అనుకునేవాణ్ణి.

"ఇదే ఉపవాసం, నానమ్మా? ఫాదర్ చెప్పాడా?"
"ఫాదర్‌కేం తెలుసు, మొన్నటి పిల్లాడు."
"మరెందుకు?"
"విసిరింది తినకూడదురా ఈ రోజుల్లో.
పిండిలో ఎముకలుంటాయి.
మా అమ్మ అనేది."
"ఎవరివి?"

శిలువ వేసుకుంది, నుదుటి మీద, గుండె మీద,
అదే చేత్తో గిన్నె అంచు తుడిచింది.
"ఎవరో, పాపం.
కుర్రాడే."

ద్రాక్షగింజ ఒకటి అరచేతిలోకి ఉమ్మి
దాన్ని కాసేపు చూసి అడిగింది,
"ఇంకెన్నాళ్లున్నాయిరా?"

గోడ వైపు చూశాను.
నా చేత్తో పేర్చిన కాగితం,
ఏడో నెల, దాని కింద అంకెలు.

వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను.