గరుకు

శ్రీరాంపూర్ వర్క్‌షాపులో, క్యాంటీన్ గోడ పక్కన
ఇంకా పుట్టని లోడర్ ఒకటి గాలిలో నిలబడింది.
అద్దాల టోపీ పెట్టుకుంటేనే కనిపిస్తుంది.
నాలుగు నెలలు గీసిన బండి.
బోల్టు బోల్టుకూ నీడ కూడా పడుతుంది.

దుర్గం రాజలింగు టోపీ పెట్టుకున్నాడు.
ఇరవై ఎనిమిదేళ్లు బాయిల లోడర్ నడిపినోడు,
ఎండలో నిలబడి కూడా
కప్పు తగలకుండా తల వంచాడు.
లివర్ మీద చెయ్యేశాడు.
చెయ్యి అవతలికి పోయింది.
"బండేడుంది బిడ్డా, గిది పొగ."

వస్తువుల కోసం వెతికాను.
విరిగిన పార కామ, రెండు ముక్కలు చేశాను.
క్యాంటీన్ కుర్చీ, దాని కాళ్ల కింద ఇటుకలు,
పెడలుకు సారంగపాణి పాత స్కూటర్ బ్రేకు.
కెమెరా గుర్తుపట్టాలని
కామలకు చుక్కల స్టిక్కర్లు అంటించాను.
వెలుతురు లివరు కట్టె మీదికొచ్చి
తొడుగులా పట్టింది.

కూర్చున్నాడు. ఈసారి చేతికి ఏదో తగిలింది.
భుజం ముందుకు జరిగింది, మోకాలు పక్కకు,
నడుము తనంతట తానే బండిని వెతుక్కుంది.
"నాలుగు వేళ్ల మందం దించు."
ఇటుకలు లాగేశాను.
నెల రోజుల నా లెక్కలతో సహా
సీటు దిగింది.

తర్వాత కళ్లు మూసుకున్నాడు.
లక్షల రూపాయల టోపీ లోపల
కళ్లు మూసుకుంటే
సార్లు నవ్వారు.

"లైటు సల్లారిందనుకో. దుమ్ము లేసింది.
గీ రెండిట్ల ఆపేదేది?"
తడిమాడు. రెండు కామలూ ఒకే నునుపు.
ఎర్రది ఆపడానికి, పచ్చది నడపడానికి అని
చెప్పబోయి
ఊరుకున్నాను.

భుజమ్మీది తువ్వాల అంచు చింపి
ఎడమ కామకు చుట్టాడు, పళ్లతో ముడి బిగించాడు.
"గిది ఆపేది. గరుకు తగలాలె.
కండ్లకు జెప్పి లాభం లేదు,
బాయిల ముందుగాల మోసపోయేటియి అవే."

ఏడు చుట్లు. లెక్కపెట్టుకున్నాను.
రాత్రి డ్రాయింగ్‌లో పెట్టబోతే
మందానికి చోటుంది, బరువుకుంది,
ఎంత నున్నగా చెక్కాలో చెప్పే గుర్తుంది.
రంగులైతే లెక్కలేనన్ని.
తువ్వాలకు లేదు.
పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను: చుట్లు ఏడు, ముడి బయటికి.

సిస్టం ఆపాను. లోడర్ గోడలో కలిసిపోయింది.
కుర్చీ మిగిలింది, రెండు కట్టెలు మిగిలాయి.
ట్యూబులైటు కూడా తీసేసి
కూర్చుని చెయ్యి చాపాను.

మొదట నునుపు దొరికింది.
ఆ పక్కన,
చెమట తడి ఇంకా ఆరని
ఆపేది.