గునుగు కట్ట

నాగోలు దాటాక మూసీ రెండుగా చీలి
మళ్ళీ కలిసేలోపు వదిలేసిన నేల పేరు గడ్డిలంక.
హైదరాబాదులో లంకేమిటని నవ్వాం.
మెట్రోలోంచి రోజూ చూస్తున్నదే,
పచ్చగా ఉంటే గోల్ఫ్ మైదానమనుకున్నాం.

పదకొండు మందిమి. ఒకే రంగు టీషర్టులు.
‘సంస్కృతిని పంచుకుందాం’ అని వీపుల మీద.
ఇరవై గంటల సేవకి ఒక సర్టిఫికెట్,
ప్రయాణం లెక్కలోకి రాదు.

లారీ ట్యూబులు నాలుగు, పైన పాత తలుపు చెక్క,
అదే పడవ.
జహంగీర్ తాత తాడు పట్టి లాగుతుంటే
నీళ్ళ వాసనకి చున్నీలు ముక్కుల మీదికెళ్ళాయి.
ఆయన చూశాడు. ఏమీ అనడనుకున్నాను.
నడి నీళ్ళలోకి వచ్చాక అన్నాడు:
“మీ నీళ్ళే బేటా,
మీ ఇండ్లల్లకెల్లి వచ్చినయే.”

గుడిమల్కాపూర్ మార్కెట్లో తెల్లారుజామున
బేరమాడి కొన్న పూలు మా సంచుల్లో:
తంగేడు, బంతి, రంగులద్దిన గునుగు.
బతుకమ్మ ఎలా పేర్చాలో వీళ్ళకి నేర్పిద్దామని
ఫోన్లో వీడియో మూడుసార్లు చూసుకుని మరీ వచ్చాం.
నాది ఒంగోలు దగ్గర ఊరు.
గునుగంటే ఏమిటో మొన్నటిదాకా తెలియదు.

గడ్డి కోసే ఆడవాళ్ళు కొడవళ్ళు కడుక్కుని వచ్చి
మర్యాదగా వరసలో కూర్చున్నారు.
“ముందు గుమ్మడాకు పరవాలి…”
రిషిక మైకులో చెబుతుండగానే
ముందు వరసలోంచి సాయవ్వ లేచింది.
మా గునుగు కట్టని చేతిలోకి తీసుకుని
పూలని కాదు,
దాన్ని కట్టిన గడ్డిపోచని చూసింది.
రెండు చుట్లు, ఒక మెలిక, కొస లోపలికి.

“ఈ ముడి నాది బిడ్డా.
మొన్న ఆయితారం కోసిన.
కట్ట పది రూపాయలకిచ్చిన.
మీకెంతకిచ్చిన్రు?”

అరవై.
ఎవరం చెప్పలేదు.
మైకు కాసేపు ఊరికే గుయ్యిమంది.

తర్వాత పేర్చింది వాళ్ళే.
మేం అందించాం, అదీ తప్పుగా.
తంగేడు తలకిందులుగా ఇచ్చానని
పదేళ్ళ పిల్ల నన్ను తిట్టింది.
తాత మనవడు ఖాదర్ బార్కాస్‌లో నేర్చిన మర్ఫా వాయించాడు;
ఉయ్యాలో అన్న చోటల్లా
దెబ్బ ఒకటి ముందే పడుతుంటే
సాయవ్వ పాట ఆపకుండానే వాడి మీద కళ్ళురిమింది.
మలీద వచ్చింది. రొట్టె, బెల్లం, చేతి వేడి.
ఫాతెహాకి చేసేదీ ఇదే, బతుకమ్మకి చేసేదీ ఇదే,
గిన్నె కూడా ఇదే అని చాంద్‌బీ అంటే
రాసుకుందామని నోట్‌బుక్ తీశాను.
వేళ్ళ నిండా నెయ్యి.

చీకటి పడుతుండగా ఫోన్లన్నీ ఒకేసారి మూలిగాయి,
హిమాయత్‌సాగర్ గేట్లెత్తారని.
తాత వెళ్ళి పడవని కరెంటు స్తంభానికి కట్టేశాడు.
“పొద్దుగాల పోవచ్చు,” అన్నాడు
బస్సు ఆలస్యమని చెప్పినట్టు.

అటూ ఇటూ నగరం దీపాలు.
మెట్రో కిటికీలు వరసగా వెళ్ళిపోయాయి,
నేను రోజూ కూర్చునే సీటుతో సహా.
అక్కణ్ణుంచి ఇటు చూస్తే
చీకటి తప్ప ఏమీ కనబడదని నాకు తెలుసు.

బతుకమ్మని సాగనంపడానికి నడవక్కర్లేకపోయింది.
నీళ్ళే గుడిసెల గుమ్మాల దాకా వచ్చి తీసుకెళ్ళాయి.
సాయవ్వ పాత చీర మడిచి నా తల కింద పెట్టి
“ముక్కు మూసుకోకు, అలవాటైతది” అంది.
అలవాటు కాలేదు.
నిద్ర మాత్రం పట్టింది.

రిపోర్టులో చివరి గడి: లబ్ధిదారుల సంఖ్య.
పదకొండు అని రాశాను.
మేడమ్ పొరపాటనుకుని కొట్టేసి
ఎర్ర పెన్నుతో నూట నలభై చేసింది.

ఆ ముడి మాత్రం నాకింకా రావట్లేదు.
షూ లేసుతో రోజూ ప్రయత్నిస్తున్నాను.
రెండు చుట్లు, ఒక మెలిక,
కొస ఎటు పోయిందో.