ముప్పై ఐదు డిగ్రీలు

మనిషి కణాలకైతే ముప్పై ఏడు.
వీటికి ముప్పై ఐదు.
ఆ రెండు డిగ్రీలు తెలిసేసరికి
నావి పదకొండు ఫ్లాస్కులు చచ్చిపోయాయి.

హోబార్ట్‌లో జూలై. కొండ నెత్తిన మంచు,
డెర్వెంట్ నది మీంచి ఎముకలు కొరికే గాలి.
ఆర్థర్ నది పక్క బోన్లు పెట్టే డూగల్ వెరల్
రాత్రంతా బండి నడిపి ఐస్ పెట్టె తెచ్చాడు.
అందులో దవడ మీది కణితి ముక్క, శనగగింజంత.
"కెటిల్‌ది" అన్నాడు.
గుర్రుమంటే నీళ్లు కాగిన చప్పుడట, అందుకా పేరు.
ఇంకేదో చెప్పబోయి, టీ తాగి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఆ జంతువు పేరే దయ్యం.
నల్లటి ఒళ్లు, ఛాతీ మీద సున్నం గీసినట్టు చార.
దయ్యానికి దయ్యం పట్టిందని
ఉద్యోగంలో చేరిన రోజు ఎవరో అంటే
నవ్వాను.

ముక్కని సన్నగా తరిగి ఎర్రటి ద్రావణంలో జల్లాను.
నాలుగు రోజులు ఏమీ లేదు,
తేలిపోయే రక్తకణాలు తప్ప.
ఐదో రోజు అడుగున ఒకటి అతుక్కుంది,
అద్దెకొచ్చినవాడు గోడలు తట్టి చూసినట్టు
ఇటో కొస, అటో కొస చాచి.
తర్వాత రెండు.
తర్వాత కిక్కిరిసి, నారు తీసి నాటినట్టు
ఒక ఫ్లాస్కు మూడైంది, మూడు తొమ్మిది.

రెట్టింపుకి ఎన్ని గంటలో రాశాను.
మైకోప్లాస్మా లేదని రాశాను.
ఐలా పెటర్డ్ గాజు పలక మీద క్రోమోజోములు పరిచింది.
కెటిల్ మగది.
వీటిలో మగ గుర్తే లేదు.
"మళ్లీ చెయ్యి" అన్నాను.
"ఎన్నిసార్లు చేసినా ఇంతే.
ఏ మొహం మీంచి కోసినా ఇవే వస్తాయి" అంది,
చేతి తొడుగులు ఊడదీస్తూ.

ఎప్పుడో, ఒక ఆడ దయ్యం.
దాని ఎముకలు ఏ పొద కింద మట్టయ్యాయో.
తిండి దగ్గర కొట్లాడుకుని కరుచుకున్నప్పుడల్లా
దాని కణం ఒక చెంప వదిలి ఇంకో చెంపకి
కాపురం మారుస్తూనే ఉంది.

గడ్డకట్టించే గొట్టం మీద
'దాత' అని ఒక గడి ఉంటుంది.
అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు
కెటిల్ ఇచ్చింది కెటిల్‌ది కాదు.
అయినా దాని పేరే రాశాను.
ఆ ఆడదానికి పేరు పెట్టినవాళ్లు లేరు మరి.

ఆగస్టులో డూగల్ ఫోన్ చేశాడు.
ఈసారి బోను ఖాళీ అన్నాడు.
కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.
అతని వెనక వాన.

ఇంక్యుబేటర్ తలుపు తెరిచాను,
అవసరమేం లేదు, ఊరికే.
చేతి మీదికి వెచ్చగా వచ్చింది
ఎవరిదో ఒంటి వేడి.